బత్తాయి తొక్కనుండి జీవవాయువు: పూర్వసంస్కారము యొక్క ఆవశ్యకత

నల్లగొండ తోటలలో బత్తాయి, అనంతపురము సీమలో చీనీ, ఉర్దూ మాటలాడు ఇండ్లలో మోసంబి. పేర్లు మూడైనను పండు ఒక్కటే. ఎండకాలము వచ్చినంతనే మన పట్టణములలో ప్రతి వీధి మొగను రసము తీయు బండి వెలయును. గ్లాసెడు రసము మన చేతికి వచ్చుసరికి బండి ప్రక్కనున్న బుట్టలో తొక్క, పిప్పి, గింజలు పేరుకొనును. పండు బరువులో దాదాపు సగము ఈ విధముగా మిగిలిపోవును. అనగా తోటలో నీరు, ఎరువు, రైతు శ్రమ పోసి పెంచిన పంటలో సగము చెత్తకుప్ప పాలగుచున్నదన్నమాట.

ఆ కుప్పలో పడిన తొక్క ఊరక యుండదు. అది పులియును, కుళ్లును, ఈగలను పెంచును. గాలి సోకని లోతున దానినుండి మీథేన్ వాయువు పుట్టి పైకి పోవును. వాతావరణమును వేడెక్కించుటలో మీథేన్, 100 సంవత్సరముల లెక్కన, కార్బన్ డై ఆక్సైడు కంటె 25 రెట్లకు పైగా బలమైనది. అదే వాయువును మూసిన తొట్టిలో పట్టి గొట్టము ద్వారా పొయ్యికి పంపినచో అన్నము ఉడికించును.

అట్లైన తొక్కలను తెచ్చి గోబర్ గ్యాస్ ప్లాంటులో వేసిన సరిపోదా యని విద్యార్థి అడుగవచ్చును. సరిపోదు. కొలత లేక వేసినచో, బాగుగా నడుచుచున్న ప్లాంటు కూడ కొన్నాళ్లకు నిలిచిపోవును. ఆ నిలుపుదలకు కారణమేమి, దానిని తొలగించు మార్గములేవి, ఆ మార్గములలో గిట్టునది ఏది అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జీవవాయువు పుట్టు విధము

చిత్తడి నేలలనుండి వెలువడు బుడగలు మండునని 1776లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా కనుగొనెను. మన దేశమున 1897లో బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమమందు మలినములనుండి వచ్చిన వాయువుతో దీపములు వెలిగించిరి. 1960 తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమిషను తేలుడు డ్రమ్ము ప్లాంటులను పల్లెలలో వ్యాప్తి చేసినది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకము మొదలైనది. 1984లో తక్కువ ఖర్చుతో కట్టదగిన దీనబంధు నమూనా వచ్చినది. కావున ఈ విద్య మనకు క్రొత్తది కాదు.

డైజెస్టరు అనబడు ఆ మూసిన తొట్టిలో జరుగునది ఒకే చర్య కాదు. నాలుగు మెట్ల పని. మొదటి మెట్టున కొన్ని సూక్ష్మజీవులు పిండిపదార్థములను, పెక్టిన్‌ను, సెల్యులోజును విడగొట్టి నీటిలో కరుగు చక్కెరలుగా మార్చును. రెండవ మెట్టున మరికొన్ని ఆ చక్కెరలను ఆమ్లములుగా మార్చును. మూడవ మెట్టున ఆ ఆమ్లములు ఎసిటిక్ ఆమ్లముగను, హైడ్రోజన్‌గను, కార్బన్ డై ఆక్సైడుగను మారును. చివరి మెట్టున ఆర్కియా అను వర్గమునకు చెందిన జీవులు వీనినుండి మీథేన్‌ను తయారు చేయును. వెలువడు వాయువులో సాధారణముగా 55 నుండి 60 శాతము మీథేన్. తక్కినదానిలో అధిక భాగము కార్బన్ డై ఆక్సైడు.

ఈ నాలుగు తరగతుల జీవులలో మీథేన్ చేయునవే మిక్కిలి సుకుమారములు. అవి నెమ్మదిగా పెరుగును, గాలిని సహింపవు, ఆమ్లత్వమును సహింపవు. బట్టీలో ఇటుక అందించువాడు త్వరపడి, పేర్చువాడు ఆగిపోయినచో నడుమ ఇటుకలు గుట్టపడునట్లు, చివరి మెట్టు ఆగినచో తొట్టిలో ఆమ్లము గుట్టపడును. పిహెచ్ విలువ 7 సమీపమున ఉండవలసినది 6.5 కంటె దిగిపోవును. దానితో మిగిలిన మీథేన్ జీవులు కూడ నశించును. ప్లాంటు పులిసినదని మన పల్లెలలో అనుట ఈ స్థితినే.

తొక్కలోని కావలివాడు

బత్తాయి తొక్కను దీపము దగ్గర వంచి పిండినచో చిటపటలాడుచు మంటలు లేచుట పిల్లలందరెరిగిన వినోదము. ఆ తుంపర కంటిలో పడినచో మండును. తొక్కపై కనబడు చిన్న చుక్కలన్నియు నూనె తిత్తులే. ఆ నూనెలో 90 శాతమునకు పైగా లిమొనీన్ అను పదార్థము కలదు. దాని అణువులో 10 కార్బన్, 16 హైడ్రోజన్ పరమాణువులుండును. అది నీటిలో దాదాపుగా కరుగదు, నీటికంటె తేలిక, 176 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగును.

చెట్టు ఈ నూనెను మన వినోదమునకై దాచుకొనలేదు. బూజు, బాక్టీరియా, పురుగులనుండి పండును కాపాడుటకు అది కావలి కాయును. సూక్ష్మజీవి కణమును చుట్టియున్న పలుచని పొర కొవ్వు స్వభావము గలది. లిమొనీన్ దానిలో సులభముగా చొరబడి పొరను చెరచును. పండును కాపాడిన ఆ గుణమే డైజెస్టరులో హంతకమగును. మేలు చేయు జీవి యేదో, కీడు చేయు జీవి యేదో లిమొనీన్ ఎరుగదు.

రెండవ చిక్కు కూడ కలదు. తొక్కలో చక్కెరలు, పెక్టిన్ సమృద్ధిగా ఉండి, నత్రజని తక్కువగా ఉండును. చక్కెరలు త్వరగా పులిసి ఆమ్లమగును. ఒకవైపు ఆమ్లము వేగముగా పుట్టుచుండ, మరియొకవైపు దానిని తినవలసిన జీవులు నూనెచే క్షీణించుచుండును. రెండు దెబ్బలు ఒకేసారి తగులుటచే ప్లాంటు పతనము శీఘ్రమగును.

ఒక చిన్న లెక్క

35 డిగ్రీల ప్రాంతమున నడుచు డైజెస్టరులో లీటరుకు 0.4 మిల్లీలీటరు లిమొనీన్ చేరినచో చర్య కుంటుపడునని, 55 డిగ్రీల వద్ద నడుచుదానిలో ఆ హద్దు 0.45 నుండి 0.9 వరకు ఉండునని పరిశోధకులు తెలిపియున్నారు. ఇపుడు మన ఇంటి ప్లాంటును చూతము. 2 ఘనమీటర్ల ప్లాంటుకు దినమునకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీరు కలిపి పోయుట వాడుక. అనగా దినమునకు దాదాపు 100 లీటర్ల పేడనీరు లోనికి పోవును.

తాజా తొక్కలో నూనె 0.5 శాతమనుకొందము. కిలో తొక్కలో 5 గ్రాములు, అనగా దాదాపు 6 మిల్లీలీటర్లు. దినమునకు 2 కిలోల తొక్క కలిపినచో 100 లీటర్లకు 12 మిల్లీలీటర్లు, లీటరుకు 0.12 మాత్రమే. ఇది హద్దులో మూడవ వంతుకు లోపు. కాని 10 కిలోలు కలిపినచో 110 లీటర్లకు 60 మిల్లీలీటర్లు, లీటరుకు 0.55. ఇది హద్దు దాటినది.

ఇందు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. డైజెస్టరు దినమున నిండునది కాదు. దానిలోని సరుకు పూర్తిగా మారుటకు 40, 50 దినములు పట్టును. కావున 10 కిలోల తొక్క వేయ మొదలిడిన వారికి మొదటి దినములలో కీడేమియు తోచదు. పైగా తొక్కలోని చక్కెరల వలన గ్యాస్ పెరిగినట్లే కనబడును. నూనె నెమ్మదిగా కూడి, నెల రెండు నెలలు గడచిన పిమ్మట హద్దు దాటును. అప్పుడు గృహస్థుడు పేడనో, మేస్త్రీనో నిందించును గాని తొక్కను శంకింపడు. ఒకసారి పులిసిన ప్లాంటును మరల దారికి తెచ్చుటకు వారములు పట్టును. ఓపిక లేనివారు దానిని మూలబెట్టుదురు.

పూర్వసంస్కార మార్గములు

డైజెస్టరులో వేయుటకు ముందే పదార్థమును సిద్ధపరచుటను పూర్వసంస్కారమందురు. తొక్క విషయమున దానికి రెండు ప్రయోజనములు కలవు: నూనెను తొలగించుట, పీచును వదులు చేసి సూక్ష్మజీవులకు అందుబాటులోనికి తెచ్చుట.

మొదటిది ఆవిరి పద్ధతి. లిమొనీన్ 176 డిగ్రీల వద్ద మరగునదైనను, నీటితో కూడియున్నపుడు 100 డిగ్రీలకు కొంచెము దిగువనే ఆవిరియై పోవును. ఒకదానితోనొకటి కలియని రెండు ద్రవములను కలిపి కాచినపుడు వాని ఆవిరి పీడనముల మొత్తము వాతావరణ పీడనమునకు సమమైన చోట మరగుట మొదలగునని మన రసాయన శాస్త్ర పాఠములలో చదివియున్నాము. తొక్కను తరిగి ఆవిరి పట్టినచో నూనె ఆవిరితో పైకి వచ్చును. చల్లార్చిన పిమ్మట నీటిపై తేలును. స్పెయిన్ దేశపు కోర్డోబా విశ్వవిద్యాలయమున 2010లో ప్రకటించిన పరిశోధనలో ఈ రీతిగా 70 శాతము లిమొనీన్‌ను తీసివేసి, తరువాత తొక్కను గ్యాసుగా మార్చిరి.

రెండవది ఆవిరి విస్ఫోటనము. బిగించిన పాత్రలో అధిక పీడనము గల ఆవిరిలో తొక్కను ఉంచి, ఆ పీడనమును హఠాత్తుగా విడుతురు. లోని నీరు ఒక్కసారిగా ఆవిరియై తొక్కను చీల్చివేయును. నూనె పోవును, పీచు తెగును. స్వీడన్‌లోని బోరోస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితముల ప్రకారము 150 డిగ్రీల వద్ద 20 నిమిషములుంచుటచే 94 శాతము లిమొనీన్ తొలగినది. మీథేన్ దిగుబడి సంస్కరింపని తొక్కతో పోల్చిన 5 రెట్లకు పైబడినది. ఫలము గొప్పది, కాని బాయిలరు, దృఢమైన పాత్ర, శిక్షణ పొందిన పనివారు కావలెను.

మూడవది ద్రావణి పద్ధతి. హెక్సేన్ వంటి ద్రవములో తొక్కను నానబెట్టినచో నూనె దానిలోనికి దిగును. దీనివలన మీథేన్ దిగుబడి మూడున్నర రెట్లైనట్లు బోరోస్ పరిశోధకులే 2015లో చూపిరి. అయితే తొక్కలో మిగిలిపోయిన ద్రావణి తానే సూక్ష్మజీవులకు కీడు చేయవచ్చును. పైగా హెక్సేన్ మిక్కిలి త్వరగా అంటుకొను ద్రవము. వీధి బండికిని, వసతి గృహమునకును ఇది తగినది కాదు.

నాలుగవది బూజు పద్ధతి. ఇందు మన దేశపు కృషి స్మరణీయము. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిన పరిశోధనలో నారింజ వ్యర్థముపై ఆస్పర్జిల్లస్, పెనిసిలియం మొదలైన జాతుల బూజును పెంచిరి. ఆ బూజు విషపదార్థములను తగ్గించి, పీచును మెత్తపరచి, మీథేన్ దిగుబడిని వృద్ధి చేసినది. మంట అక్కరలేని మార్గమిది. కాని సమయము పట్టును. బూజు తన పోషణకై కొంత చక్కెరను తానే తినివేయును. ఏ బూజు పడితే ఆ బూజు పనికిరాదు.

ఐదవది సులభమైనది: తొక్కను సన్నగా తరిగి ఎండలో ఆరబెట్టుట. నూనెలో కొంత గాలిలో కలిసిపోవును. ఎంత పోవునో ఎండ తీవ్రతను, ముక్కల మందమును బట్టి యుండును. ఆరవది అంతకంటె సులభము: పైన లెక్కించిన విధముగా, పేడలో కొద్ది పాలు తొక్కను మాత్రమే కలుపుట. ఇది నూనెను తొలగింపదు, పలుచన చేయును. పేడ నత్రజనిని ఇచ్చును. ఆమ్లమును కొంత అదుపు చేయును. క్రొత్త సూక్ష్మజీవులను అనుదినము అందించును.

ఆదాయ వ్యయములు

శాస్త్రీయ పత్రికలలో 5 రెట్లు, మూడున్నర రెట్లు అని చదివి మురిసిపోరాదు. ఇంధనమును సంపాదించుటకై ఎంత ఇంధనము ఖర్చైనదని అడుగవలెను. కిలో తాజా తొక్కను తీసికొందము. అందు 800 గ్రాములు నీరే. మిగిలిన 200 గ్రాములలో జీర్ణము కాదగినది 190 గ్రాములనుకొందము. నూనె తొలగిన పిమ్మట కిలో సేంద్రియ పదార్థమునకు 350 లీటర్ల మీథేన్ వచ్చునని పెట్టుకొనిన, మనకు లభించునది దాదాపు 66 లీటర్లు. దానిలోని ఉష్ణము సుమారు 2400 కిలోజౌళ్లు. ఇది 50 గ్రాముల వంట గ్యాసుకు సమానము. 14.2 కిలోల సిలిండరుకు బదులు కావలెనన్న దాదాపు 280 కిలోల తొక్క కావలెను.

ఇపుడు ఖర్చు చూతము. కిలో తడి తొక్కను 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు వేడిచేయుటకు సుమారు 280 కిలోజౌళ్లు పట్టును. అందు 100 గ్రాముల నీటిని ఆవిరి చేయుటకు మరి 226. మొత్తము 506, అనగా రాబడిలో అయిదవ వంతుకు కొంచెము పైన. ఇది భరింపదగినదే. కాని నూనె పోవుననెడు ఆశతో పొయ్యిమీద తొక్కను పూర్తిగా ఎండబెట్టినచో 800 గ్రాముల నీటికి 1808, వేడిమికి 280, వెరసి దాదాపు 2090 కిలోజౌళ్లు కావలెను. పొయ్యిలో వృథాయగు వేడిని చేర్చినచో ఖర్చు ఆదాయమును మించును. రూపాయి సంపాదించుటకు రూపాయి పావలా వ్యయపరచినట్లగును. ఎండబెట్టదలచినచో సూర్యునిచేతనే చేయింపవలెను. మంట పెట్టదలచినచో నూనె వెడలునంతవరకే పెట్టవలెను. పూర్వసంస్కారమునకు ఇదియే మూలసూత్రము.

పెద్ద కర్మాగారములకు మరియొక ఆదాయము కలదు. ఆవిరితో వెలువడిన నూనెను చల్లార్చి పట్టినచో సుగంధ ద్రవ్యములలోను, మరకలు తొలగించు ద్రవములలోను వినియోగపడును. పై లెక్కన టన్ను తొక్కలో 5 కిలోల నూనె యుండును. గ్యాసుకు అడ్డుపడిన పదార్థమే అమ్ముడుపోవు సరుకగును.

మన ప్రాంతమున అవకాశము

సికింద్రాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిపై, మార్కెట్టు వ్యర్థములనుండి గ్యాసును, విద్యుత్తును తీయు కర్మాగారము నెలకొల్పబడినది. దినమునకు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనము లభించునని 2021లో ప్రకటించిరి. ఆ సంవత్సరము జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున దీనిని ప్రశంసించిరి. ఇట్టి చోట్ల పలువిధముల కూరగాయల నడుమ పండ్ల తొక్క కొద్ది పాలే యుండును గనుక నూనె పలుచబడును. బత్తాయి సంతలలోను, రసము తీయు కేంద్రములలోను అట్లు కాదు. అచ్చట వచ్చునదంతయు తొక్కయే. కావున మొదట ఆవిరి పట్టుట, పిమ్మట పేడతోనో కూరగాయల చెత్తతోనో కలుపుట అను రెండు మెట్లు అచ్చట తప్పనిసరి.

కళాశాలలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును విద్యార్థులు తమ చేతులతో పరీక్షింపవచ్చును. సమానమైన నాలుగు ప్లాస్టిక్ సీసాలు తీసికొని, నడుచుచున్న గోబర్ గ్యాస్ ప్లాంటునుండి తెచ్చిన పేడనీటిని ఒక్కొక్కదానిలో లీటరు చొప్పున పోయవలెను. మొదటి సీసాలో మరేమియు వేయరాదు. రెండవదానిలో 100 గ్రాముల పచ్చి తొక్క ముక్కలు, మూడవదానిలో అరగంట సేపు మూతలేని గిన్నెలో ఉడికించి చల్లార్చిన తొక్క దాని నీటితో సహా, నాలుగవదానిలో మూడు దినములు ఎండబెట్టిన తొక్క వేయవలెను. మూడు చోట్లను సంస్కారమునకు ముందటి బరువు 100 గ్రాములే కావలెను. నీరు చేర్చి నాలుగింటి మట్టమును సమము చేయవలెను.

గొట్టము ద్వారా గ్యాసును నీటిలో బోర్లించిన కొలత సీసాలోనికి పట్టి అనుదినము పరిమాణము వ్రాసికొనవలెను. వారమునకొకసారి పిహెచ్ చూచి, తగ్గినచోట కొద్దిగా సున్నము చేర్చి 7 దగ్గర నిలుపవలెను. చేర్చిన సున్నము బరువును కూడ వ్రాయవలెను. అట్లు చేసిననే గ్యాస్ తగ్గినది ఆమ్లము వలననా, నూనె వలననా అని విడదీసి చెప్పగలము. 40 దినముల పిమ్మట మొదటి సీసా మొత్తమును తక్కినవానినుండి తీసివేసినచో తొక్కనుండి వచ్చిన గ్యాస్ తెలియును. గాజు సీసాలను బిగించి ఉంచరాదు. గ్యాస్ ఉన్న గదిలో మంట పెట్టరాదు. తొక్కను ఉడికించునపుడు కిటికీలు తెరచియుంచవలెను. అధ్యాపకుల పర్యవేక్షణ అవశ్యము.

దీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. రసాయన, జంతు, వృక్ష శాస్త్ర శాఖలు మూడును కలిసి చేయదగిన పని ఇది. కళాశాల కమిటీవారు ఒక చిన్న మొత్తమును మంజూరు చేసి, ఫలితములను ఉర్దూలోను తెలుగులోను అచ్చువేయించినచో, ఊరిలోని రసము బండివారికిని, గ్యాస్ ప్లాంటు గల రైతులకును అవి నేరుగా అందును. "దినమునకు ఇన్ని కిలోల తొక్కకు మించి వేయకుడు; వేయుటకు ముందు ఇట్లు ఉడికింపుడు" అని రెండు వాక్యములు నిశ్చయముగా చెప్పగలిగిన నాడు, ఎన్నో ప్లాంటులు మూలబడకుండ నిలుచును.

విద్యార్థి మిత్రులారా! తొక్కలోని నూనె నూటికి అరపాలు మాత్రమే. ఆ అరపాలు తక్కిన భాగమునంతను నిరుపయోగము చేయుచున్నది. అడ్డు ఎక్కడున్నదో గుర్తించి, దానిని మాత్రము తొలగించి, తొలగించుటకైన వ్యయమును కూడ లెక్కలో వ్రాయుట శాస్త్ర దృష్టి. వీధి చివర బుట్టలో నిండియున్న తొక్కను ఆ దృష్టితో చూడగలవారు మన తరగతి గదులలోనుండి రావలెనని మా కోరిక.